పిల్లల లెక్కల గేమ్‌లో సేవ్‌లు పోతున్నాయి, సేవ్ సిస్టమ్ మొత్తం మళ్ళీ రాయాలా?

మీరు అడిగింది క్లుప్తంగా చెప్పుకుంటే: ఒక్కరే కూర్చుని యూనిటీలో (గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) పిల్లలకి లెక్కల గేమ్ చేస్తున్నారు, విండోస్ బిల్డ్ ఒకటి, బ్రౌజర్ బిల్డ్ ఒకటి. స్కూల్ ల్యాబ్‌లో ట్రయల్‌కి ఇస్తే కొంతమంది పిల్లల ప్రోగ్రెస్ పోయి మళ్ళీ మొదటి లెవెల్ నుంచి మొదలవుతోంది, ఇంకొంతమందికేమో అప్‌డేట్ వేశాక స్టార్లు వేరే లెవెల్స్ మీదకి వెళ్ళిపోయాయి. సేవ్ అంతా ఒకే జేసన్ ఫైల్ (డేటాని మామూలు టెక్స్ట్‌గా రాసే ఫార్మాట్). దీన్ని పీకేసి డేటాబేస్ పెట్టాలా, లేదా క్లౌడ్‌కి వెళ్ళిపోవాలా అని అడిగారు.

రెండూ వద్దండి. జేసన్ ఫైల్ మీ గేమ్‌కి బాగానే సరిపోతుంది. సేవ్ పోయింది అని వచ్చే కంప్లైంట్లలో నేను చూసినవి ఎక్కువ శాతం లోడ్ కోడ్‌లోనే తేలాయి. ఫైల్ ఏదో కారణంతో చదవడం కుదరదు, కోడ్‌లో ట్రై క్యాచ్ (ఎర్రర్ వస్తే ఏం చేయాలో చెప్పే భాగం) ఉంటుంది, క్యాచ్‌లో కొత్త సేవ్‌డేటా తయారుచేసి రిటర్న్ చేసేస్తారు, గేమ్ పిల్లాడిని కొత్త ప్లేయర్ అనుకుంటుంది, కాసేపటికి ఆటోసేవ్ వచ్చి ఆ ఖాళీ డేటాని పాత ఫైల్ మీదే రాసేస్తుంది. డేటా నిజంగా పోయేది అప్పుడే. అప్పటిదాకా అది డిస్క్ మీదే ఉంది, పాడైనదైనా సగమో ముప్పావో వెనక్కి తెచ్చుకునే స్థితిలో ఉంది.

కాబట్టి ముందు లోడ్‌ని బాగుచేయండి, తర్వాత రాసే పద్ధతి, ఆ తర్వాత వెర్షన్ నంబరూ ఐడీలూ. మీ రెండో సమస్య, అంటే స్టార్లు లెవెల్స్ మారిపోవడం, దానికీ మొదటిదానికీ సంబంధం లేదు, అది ఐడీల దగ్గర చెప్తా.

కోడ్ ముట్టుకునే ముందు పాడైన ఫైల్ ఒకటి తెప్పించుకోండి. విండోస్‌లో యాప్‌డేటా లోపల "LocalLow" అనే ఫోల్డర్, అందులో మీ కంపెనీ పేరు, దాని లోపల గేమ్ పేరు, అక్కడ ఉంటుంది. ఫైల్ సైజు సున్నా ఉంటే రాయడం మొదలుపెట్టగానే ప్రాసెస్ ఆగిపోయిందని అర్థం, ఎందుకంటే ఫైల్.రైట్‌ఆల్‌టెక్స్ట్ ముందు పాత ఫైల్‌ని ఖాళీ చేసి తర్వాత రాస్తుంది. సగం వాక్యం దగ్గర జేసన్ తెగిపోయి ఉంటే మధ్యలో ఆగింది. సైజు సరిగ్గానే ఉండి హెక్స్ ఎడిటర్‌లో (ఫైల్‌లోని బైట్లని అంకెలుగా చూపించే ప్రోగ్రామ్) తెరిస్తే మొత్తం 00 00 00 00 అని కనిపిస్తే కరెంటు పోయింది, లేదా ఎవరో పవర్ బటన్ నొక్కి పట్టుకున్నారు. ఫైల్ సిస్టమ్ సైజుని నోట్ చేసుకుంది కానీ అసలు డేటా ఇంకా డిస్క్‌కి చేరలేదు. ల్యాబ్‌లలో ఈ మూడోది బాగా కనిపిస్తుంది. ఇక ఫైల్ పూర్తిగా, శుభ్రంగా ఉండి లోపల మాత్రం కొత్త ప్లేయర్ డేటా ఉంటే పైన చెప్పిన ఖాళీ ఓవర్‌రైట్ జరిగిందన్నమాట. అసలు ఫైలే లేకపోతే అది వేరే కథ, కిందకి వస్తున్నా.

ఇప్పుడు లోడ్. మీ లోడ్ ఫంక్షన్ డేటా ఒక్కటే రిటర్న్ చేస్తే చాలదు, ఏం జరిగిందో కూడా చెప్పాలి. ఫైల్ లేదు, ఫైల్ ఉంది బాగుంది, ఫైల్ ఉంది కానీ పాడైంది, ఫైల్ ఉంది కానీ మనకన్నా కొత్త వెర్షన్‌ది, ఈ నాలుగూ వేర్వేరు పరిస్థితులు. "ఫైల్ లేదు, బ్యాకప్ కూడా లేదు" అన్నప్పుడు మాత్రమే కొత్త ప్లేయర్. పాడైతే ఆ ఫైల్‌ని డిలీట్ చేయకుండా పేరు మార్చి పక్కన పెట్టండి, బ్యాకప్ నుంచి లోడ్ చేయండి, బ్యాకప్ కూడా పాడైతే ఆటోసేవ్‌ని ఆపేసి అడగండి. కొత్త వెర్షన్ ఫైల్ అయితే దాన్ని చదవకండి, దాని మీద రాయకండి, ల్యాబ్‌లో సగం మెషిన్లకి అప్‌డేట్ వేసి సగం మర్చిపోవడం మామూలే కదా, షేర్డ్ ఫోల్డర్ ఉన్నచోట పాత బిల్డ్ వచ్చి కొత్త సేవ్‌ని తొక్కేస్తుంది.

అడగడం అన్నాను కదా, ఇక్కడ ఒక్క మాట. ఏడేళ్ల పాపకి ఎర్రర్ మెసేజ్ చూపించొద్దు. బ్యాకప్ దొరికితే ఏమీ చెప్పకుండా ఆడనివ్వండి, ఒకట్రెండు ప్రశ్నలు వెనక్కి వెళ్తే తనకి తెలీదు కూడా. ఏదీ దొరక్కపోతే "నీ పాత ఆట దొరకలేదు, టీచర్‌ని పిలువు" అని పెద్ద అక్షరాల్లో, వీలైతే ఆడియోతో చెప్పండి. పిల్లలు ఎదురుగా ఏ బటన్ ఉంటే అది నొక్కేస్తారు, "కొత్తగా మొదలుపెట్టు" అనే బటన్ ఆ స్క్రీన్ మీద పెట్టారంటే చదవకుండానే నొక్కేస్తారు. దాన్ని టీచర్ మెనూలో పెట్టండి. ఇంత జాగ్రత్త ఎందుకంటే పెద్దవాళ్ళ గేమ్‌లో సేవ్ పోతే కోపం వస్తుంది, రివ్యూలో తిడతారు, లెక్కలంటే అసలే భయపడే పిల్ల నెల రోజులు కష్టపడి సంపాదించిన స్టార్లు పోతే తను చేసిందే ఏదో తప్పైపోయింది అనుకుంటుంది. ఎవరికీ చెప్పదు కూడా. మీ దాకా వచ్చిన కంప్లైంట్లు పోయిన సేవ్‌లలో కొన్నే అని అనుకుని పని చేయండి.

రాసే పద్ధతికి వద్దాం. ఉన్న ఫైల్ మీద నేరుగా ఎప్పుడూ రాయకండి. అదే ఫోల్డర్‌లో టెంపరరీ పేరుతో కొత్త ఫైల్ రాయండి, ఫైల్‌స్ట్రీమ్‌లో ఫ్లష్‌కి ట్రూ ఇచ్చి డిస్క్ దాకా పంపించండి, ఫైల్ మూసి, మళ్ళీ తెరిచి చదివి పార్స్ అవుతోందో (సరైన జేసన్‌గా చదవడం కుదురుతోందో) లేదో చూసుకోండి, అప్పుడు ఫైల్.రీప్లేస్ వాడి అసలు ఫైల్ స్థానంలోకి మార్చండి. ఆ ఫంక్షన్‌కి మూడో ఆర్గ్యుమెంట్‌గా బ్యాకప్ పేరు ఇస్తే పాతది బ్యాకప్‌గా మిగిలిపోతుంది, బ్యాకప్ కోసం వేరే కోడ్ అక్కర్లేదు. రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి: మొదటిసారి సేవ్ చేసేటప్పుడు అసలు ఫైల్ ఉండదు కాబట్టి రీప్లేస్ ఎక్సెప్షన్ ఇస్తుంది, అప్పుడు మూవ్ వాడాలి, రెండోది, టెంప్ ఫైల్‌ని విండోస్ టెంప్ ఫోల్డర్‌లో పెట్టకండి, డ్రైవ్ వేరైతే రీప్లేస్ కుదరదు. యాంటీవైరస్ ఒక్కోసారి కొత్త ఫైల్‌ని స్కాన్ చేస్తూ పట్టుకుని ఉంటుంది, ఆ సమయంలో రీప్లేస్ ఫెయిల్ అవుతుంది, కొంచెం ఆగి రెండు మూడు సార్లు మళ్ళీ ట్రై చేస్తే సరిపోతుంది.

ఫైల్ చివర్లో ఒక చెక్‌సమ్ (డేటా నుంచి లెక్కేసిన చిన్న నంబర్, డేటా మారితే సరిపోలదు) పెట్టుకోండి, సీఆర్‌సీ32 రకం చాలు. ఇది పిల్లలు మోసం చేయకుండా ఆపడానికి కాదు, పాడైందో లేదో తెలుసుకోవడానికి. చాలామంది ఇక్కడ ఎన్‌క్రిప్షన్ దాకా వెళ్ళిపోతారు, ఎడ్యుకేషనల్ గేమ్‌కి అది అక్కర్లేదు అనేది నా గట్టి అభిప్రాయం. ఎన్‌క్రిప్ట్ చేస్తే పాడైన ఫైల్‌ని చేత్తో బాగుచేసి ఇచ్చే అవకాశం పోతుంది, ఆ అవకాశం మీకు చాలా అవసరం. పిల్లాడెవడైనా జేసన్ ఫైల్ తెరిచి స్టార్లు మార్చుకునేంత తెలివైనవాడైతే వాడు ఏదో నేర్చుకుంటున్నట్టే, వదిలేయండి. పాత ట్యుటోరియల్స్‌లో బైనరీఫార్మాటర్ (డేటాని బైనరీ ఫైల్‌గా మార్చే డాట్‌నెట్ క్లాస్) వాడమని ఉంటుంది, దాని జోలికి మాత్రం వెళ్ళకండి, ఎవరో మార్చిన ఫైల్‌ని చదివితే వాళ్ళ కోడ్ మన మెషిన్‌లో రన్ అయ్యే ప్రమాదం ఉందని మైక్రోసాఫ్టే 2024లో వచ్చిన డాట్‌నెట్ 9 నుంచి దాన్ని తీసేసింది.

ఇక స్టార్లు ఎందుకు జరిగిపోయాయి. మీరు పెట్టిన జేసన్ ముక్కలో స్టార్లు ఒక లిస్ట్‌గా ఉన్నాయి, 3, 2, 3, 1 అని వరసగా. మూడో లెవెల్ తర్వాత కొత్త లెవెల్ ఒకటి చేర్చారు కాబట్టి నాలుగో స్థానంలో ఉన్న స్టార్ ఇప్పుడు కొత్త లెవెల్‌ది అయిపోయింది, దాని వెనక ఉన్నవన్నీ ఒక్కో అడుగు జరిగాయి. ఈనమ్‌లతో (కోడ్‌లో వరసగా పెట్టుకునే పేర్ల జాబితా) కూడా ఇదే జరుగుతుంది, యూనిటీలో జేసన్ రాసే జేసన్‌యుటిలిటీ ఈనమ్‌ని నంబర్‌గానే రాస్తుంది, మధ్యలో కొత్త పేరు చేర్చారంటే అన్నీ మారిపోతాయి. ప్రతి లెవెల్‌కీ, ప్రతి ప్రశ్న రకానికీ ఒక్కసారి ఇచ్చి ఎప్పటికీ మార్చని ఐడీ ఉండాలి, "ఫ్రాక్షన్_యాడ్_01" లాంటిది. స్క్రీన్ మీద కనిపించే పేరు, వరస, కష్టం స్థాయి ఎన్నిసార్లైనా మార్చుకోండి, ఐడీ మాత్రం కదలకూడదు, తీసేసిన లెవెల్ ఐడీని ఇంకోదానికి వాడకూడదు. జేసన్‌యుటిలిటీకి డిక్షనరీ (ఐడీకి విలువ జత చేసే పట్టిక) రాదు కాబట్టి ఐడీ, స్టార్లు కలిపిన చిన్న క్లాస్ పెట్టి దాని లిస్ట్ రాయండి, లేదా న్యూటన్‌సాఫ్ట్ అనే వేరే జేసన్ లైబ్రరీకి మారండి.

దాంతో పాటు సేవ్ మొదటి ఫీల్డ్‌గా వెర్షన్ నంబర్. ఇప్పటిదాకా రాసిన ఫైల్స్‌లో అది లేదు, లేకపోతే 0 అనుకోండి. 0 నుంచి 1కి ఒక ఫంక్షన్, 1 నుంచి 2కి ఇంకోటి, ఇలా గొలుసుగా వెళ్ళాలి, 0 నుంచి నేరుగా తాజాదానికి దూకే ఫంక్షన్ రాస్తే నాలుగో అప్‌డేట్ నాటికి అది ఎవరికీ అర్థం కాని ముద్ద అయిపోతుంది. మార్చే ముందు పాత ఫైల్‌ని "వీ0" అని పేరు పెట్టి కాపీ చేసి ఉంచండి.

మీకున్న చిక్కు ఏంటంటే వెర్షన్ లేని ఫైల్స్‌లో కొన్ని లెవెల్ చేర్చకముందు రాసినవి, కొన్ని చేర్చాక రాసినవి. లిస్ట్ పొడవు చూడండి, పాత బిల్డ్ రాసినదాంట్లో ఒకటి తక్కువ ఉంటుంది, అలా విడదీయొచ్చు. పాత ఫైల్‌ని కొత్త బిల్డ్ ఒకసారి తెరిచి సేవ్ చేసేసి ఉంటే మాత్రం పొడవు పెరిగిపోయి ఉంటుంది, అది చెప్పలేం. అలాంటప్పుడు అనుమానం ఉన్న రెండు లెవెల్స్‌లోనూ ఎక్కువ స్టార్లే ఇచ్చేయండి, ఎవరికీ నష్టం లేదు. కానీ టీచర్ రిపోర్ట్‌లో మాత్రం ఆ లెవెల్స్‌ని "మళ్ళీ చూడాలి" అని గుర్తు పెట్టండి, ఎందుకంటే పిల్లకి రాని భిన్నాల కూడిక వచ్చినట్టు రిపోర్ట్‌లో కనిపిస్తే టీచర్ ఆ పాఠం దాటేస్తారు. స్టార్ విషయంలో ఉదారంగా ఉండొచ్చు, నేర్చుకున్నదాని లెక్క విషయంలో కుదరదు.

ఇక్కడే ఎడ్యుకేషనల్ గేమ్‌కీ మిగతా గేమ్‌లకీ పెద్ద తేడా ఉంది, దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తా. మామూలు గేమ్‌లో ఆటగాడు ఎక్కడున్నాడో సేవ్ చేస్తే చాలు. మీరు సేవ్ చేయాల్సింది పిల్ల ఏ ప్రశ్నకి ఏం జవాబిచ్చింది అనేది. నేను సాయం చేసిన ఒక టీమ్ ప్రతి టాపిక్‌కీ 0 నుంచి 1 మధ్య ఒక మాస్టరీ నంబర్ మాత్రమే దాచేది, 0.7 దాటితే తర్వాతి టాపిక్ తెరుచుకునేది. టీచర్లు వచ్చి హింట్ వాడిన జవాబుకి కూడా పూర్తి మార్కు వస్తోంది అన్నారు, ఫార్ములా మార్చడం పది నిమిషాల పని, కానీ పాత పిల్లల 0.7లో ఎంత హింట్‌తో వచ్చిందో ఎంత సొంతంగా వచ్చిందో చెప్పే దారి లేదు. అదే జవాబులు దాచుకుని ఉంటే లోడ్ చేసేటప్పుడు కొత్త ఫార్ములాతో మళ్ళీ లెక్కేసుకునేవాళ్ళు.

అందుకని రెండు ఫైల్స్ పెట్టండి. ఒకటి ఇప్పుడున్న సేవ్ లాంటిదే, చిన్నది. రెండోది లాగ్, పిల్ల జవాబిచ్చిన ప్రతిసారీ చివర్లో ఒక లైన్ చేరుతుంది: ఆ ప్రయత్నానికి ఒక ప్రత్యేక ఐడీ, ప్రశ్న రకం, ప్రశ్నలోని అంకెలు, పిల్ల ఇచ్చిన జవాబు, హింట్ వాడిందా లేదా, ఎంతసేపు పట్టింది. ఒక్కో లైన్ 100, 150 బైట్లు ఉంటుంది, వెయ్యి జవాబులు రాసినా 150 కేబీ దాటదు. రాండమ్ ప్రశ్నలైతే సీడ్ (రాండమ్ అంకెల వరసని మొదలుపెట్టే నంబర్) దాచొద్దు, అంకెలే దాచండి, జనరేటర్ కోడ్ కాస్త మార్చినా అదే సీడ్ వేరే ప్రశ్న ఇస్తుంది, పిల్ల 7 అని కొట్టింది ఏ ప్రశ్నకో తెలీకుండా పోతుంది. చివర్లో చేర్చే ఫైల్‌కి ఇంకో మంచి గుణం ఉంది, కరెంటు పోతే మామూలుగా పాడయ్యేది చివరి లైనో రెండు లైన్లో, లోడ్ చేసేటప్పుడు పార్స్ కాని లైన్ వదిలేస్తే పైవన్నీ దక్కుతాయి. ప్రోగ్రెస్ ఫైల్ మొత్తం పోయినా లాగ్ నుంచి తిరిగి కట్టుకోవచ్చు.

ఎప్పుడు సేవ్ చేయాలి అనేది కూడా దీంతోనే తేలిపోతుంది, ప్రతి జవాబు తర్వాత. లెవెల్ చివర సేవ్ చేస్తే ల్యాబ్‌లో పని జరగదు, బెల్ కొట్టగానే పిల్లలు లేచి వెళ్ళిపోతారు, ఎవరో వచ్చి మెషిన్లన్నీ ఆపేస్తారు. ఆన్‌అప్లికేషన్‌క్విట్ (గేమ్ మూసేటప్పుడు యూనిటీ పిలిచే ఫంక్షన్) మీద ఆధారపడకండి, తర్వాతెప్పుడైనా టాబ్లెట్ బిల్డ్ చేస్తే అది పిలవబడుతుందన్న గ్యారంటీ అసలే లేదు, అక్కడ ఆన్‌అప్లికేషన్‌పాజ్‌లో (గేమ్ ఆగినప్పుడు పిలిచేది) రాయాలి.

ఫైలే కనిపించకపోవడం. దీనికి కారణాలు వేరు, వీటిలో ఏది మీదో చూసుకోండి. మొదటిది, అప్‌డేట్‌లో కంపెనీ పేరో ప్రొడక్ట్ పేరో మార్చారా? మారిస్తే విండోస్‌లో పర్సిస్టెంట్‌డేటాపాత్, అంటే సేవ్ పెట్టే ఫోల్డర్ దారి, మారిపోతుంది, ప్లేయర్‌ప్రెఫ్స్ (యూనిటీ చిన్న సెట్టింగ్స్ దాచే పద్ధతి) రిజిస్ట్రీ చోటు కూడా మారుతుంది, పాత సేవ్ పాత ఫోల్డర్‌లో భద్రంగా ఉంటుంది కానీ గేమ్ అక్కడ వెతకదు. గేమ్ పేరు చివర్లో ఖరారు చేసేవాళ్ళందరికీ ఇది తగులుతుంది. పాత చోట వెతికి తెచ్చే కోడ్ రాయండి. రెండోది, కొన్ని ల్యాబ్‌లలో మెషిన్ రీస్టార్ట్ అయితే డిస్క్ పాత స్థితికి వచ్చేసే సాఫ్ట్‌వేర్ ఉంటుంది, అక్కడ మీరేం రాసినా మర్నాటికి ఉండదు, ల్యాబ్ చూసుకునే వాళ్ళని ఏ ఫోల్డర్ నిలుస్తుందో అడిగి దాన్ని సెట్టింగ్స్‌లో ఇచ్చే వీలు పెట్టాలి. మూడోది, పిల్లలందరూ ఒకే విండోస్ అకౌంట్‌తో లాగిన్ అవుతారు, అప్పుడు ఒకరి సేవ్ మీద ఇంకొకరు ఆడతారు, "నా స్టార్లు పోయాయి" అన్న కంప్లైంట్లలో కొన్ని ఇవే అయ్యుంటాయి. ప్రొఫైల్స్ తప్పనిసరి.

ప్రొఫైల్ పెట్టేటప్పుడు ఫైల్ పేరుకి పిల్ల పేరు వాడకండి, రాండమ్ ఐడీ వాడండి. ఇద్దరు ఒకే పేరున్నవాళ్ళు ఉంటారు, పేరులో ప్రశ్నార్థకం పెట్టేవాళ్ళు ఉంటారు, "కాన్", "నల్" లాంటివి ఇంగ్లీషులో టైప్ చేస్తే విండోస్ ఆ పేరుతో ఫైల్ చేయనివ్వదు. పేరు తెలుగులో టైప్ చేస్తే యూటీఎఫ్-8లో (అక్షరాలని బైట్లుగా రాసే పద్ధతి) ఒక్కో కోడ్‌పాయింట్, అంటే అక్షరంలోని ఒక్కో భాగం, 3 బైట్లు, "శ్రీ" ఒక్కటే 12 బైట్లు అవుతుంది, పేరుకి 16 బైట్ల లిమిట్ పెట్టి కోస్తే అక్షరం మధ్యలో తెగి ఆ ఫైల్ పాడైనట్టు కనిపిస్తుంది.

ఏ సేవ్ తాజాదో తేల్చడానికి తారీఖు వాడకండి, ఇది ల్యాబ్‌లలో ఖాయంగా దెబ్బ కొడుతుంది. పాత మెషిన్ల మదర్‌బోర్డ్ బ్యాటరీ అయిపోయి ఉంటుంది, ఆన్ చేసిన ప్రతిసారీ గడియారం ఎన్నో ఏళ్ళు వెనక్కి వెళ్తుంది, ఈరోజు సేవ్ నిన్నటిదానికన్నా పాతదిగా కనిపిస్తుంది. సేవ్ చేసిన ప్రతిసారీ ఒకటి పెరిగే కౌంటర్ ఫైల్‌లో పెట్టి దాన్ని పోల్చండి.

బ్రౌజర్ బిల్డ్‌కి నేను ఎక్కువ ఆశ పెట్టుకోను. యూనిటీ అక్కడ సేవ్‌ని ఇండెక్స్‌డ్‌డీబీలో (బ్రౌజర్ లోపలి డేటా నిల్వ) పెడుతుంది, ఆ దారి పేజీ అడ్రస్ నుంచి తయారవుతుంది, కొత్త బిల్డ్‌ని వేరే ఫోల్డర్‌లో అప్‌లోడ్ చేస్తే సేవ్‌లు కనబడవు, కాబట్టి అడ్రస్ మార్చకండి. రాసిన వెంటనే ట్యాబ్ మూసేస్తే అది ఇంకా చేరకపోవచ్చు. ప్రైవేట్ విండో మూస్తే అంతా పోతుంది. సఫారీ అయితే 2020 నుంచి, సైట్‌తో ఏ ఇంటరాక్షన్ లేకుండా 7 రోజులు బ్రౌజర్ వాడితే స్క్రిప్ట్ దాచిన డేటాని తుడిచేస్తుంది, సెలవుల తర్వాత వచ్చిన పిల్లకి ఏమీ మిగలదు. బ్రౌజర్‌లో ఎక్స్‌పోర్ట్ బటన్ తప్పకుండా ఉండాలి, టీచర్ నొక్కితే క్లాసు మొత్తం ఒకే ఫైల్‌గా దిగాలి, మళ్ళీ ఎక్కించుకోగలగాలి. లాగ్‌లో ప్రతి ప్రయత్నానికీ ఐడీ ఉంది కాబట్టి రెండు మెషిన్ల ఫైల్స్ కలపడం తేలిక, ఒకే ఐడీ రెండుసార్లు వస్తే ఒకటి వదిలేయండి, స్టార్లలో పెద్దది తీసుకోండి.

టెస్టింగ్ గురించి ఎక్కువ చెప్పను. రిలీజ్ చేసిన ప్రతి వెర్షన్ సేవ్‌లు ఒక ఫోల్డర్‌లో దాచి, బిల్డ్ చేసిన ప్రతిసారీ అన్నీ లోడ్ అవుతున్నాయో లేదో ఆటోమేటిక్‌గా చూసుకోండి, స్కూల్ నుంచి తెచ్చిన పాడైన ఫైల్స్ కూడా అందులోనే. సేవ్ మధ్యలో టాస్క్ మేనేజర్‌తో ప్రాసెస్ చంపి చూడండి, ఫోల్డర్‌ని రీడ్ ఓన్లీ చేసి చూడండి, నిండిపోయిన పెన్‌డ్రైవ్ మీద సేవ్ చేసి చూడండి.

క్లౌడ్ వద్దనడానికి ఖర్చొక్కటే కారణం కాదు. పిల్లల డేటా సర్వర్‌కి ఎక్కితే చట్టం వస్తుంది, అమెరికాలో కోపా (పిల్లల ఆన్‌లైన్ ప్రైవసీ చట్టం) ప్రకారం 13 ఏళ్ళలోపు, ఇండియాలో 2023 డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతిని నిర్ధారించుకోవాలని ఉంది. ఒక్కరే చేస్తున్నప్పుడు అది మోయడం కష్టం. పైగా లోడ్ కోడ్ ఇలాగే ఉంటే ఖాళీ సేవ్‌ని క్లౌడ్‌కి కూడా పంపేస్తారు, అప్పుడు అన్ని మెషిన్లలోనూ ఒకేసారి పోతుంది.

మొదటి ప్యాచ్‌లో అన్నీ పెట్టకండి. పాడైన ఫైల్‌ని పక్కన పెట్టడం, బ్యాకప్, టెంప్ ఫైల్ ద్వారా రాయడం, వెర్షన్ నంబర్, ఈ నాలుగు చాలు, ఒకట్రెండు రోజుల పని. ఐడీల మార్పు, ప్రొఫైల్స్ రెండో ప్యాచ్‌లో, లాగ్ మూడోదాంట్లో. ఆ మొదటిది వేసే ముందు ప్రతి మెషిన్‌లో సేవ్ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి ఉంచమని ల్యాబ్ టీచర్‌ని అడగండి, మెషిన్ నంబర్ ఫోల్డర్ పేరుగా పెట్టమనండి. ఆ ఫైల్స్‌లో పాడైనవి ఉంటే పిల్లల పేర్లు తీసేసి ఒకటి రెండు ఇక్కడ పెట్టండి, ఎంతవరకు వెనక్కి తేవచ్చో చూసి చెప్తా.